అవతలి గట్టు అమ్మవారు

రవీందర్ ఖమ్మం నుంచి వచ్చింది కొండల నడుమ చెరువు చూడ్డానికి కాదు. అవతలి గట్టున ఇప్పచెట్టు కింద ఉన్న మూరెడు చెక్క అమ్మవారిని ఎత్తుకుపోవడానికి. పొగ పట్టి నల్లబడ్డ ఆ బొమ్మ వందేళ్ల నాటిదని అతని లెక్క. పాత బొమ్మల్ని కళ్లకద్దుకుని కొనే షోకుల దుకాణం హైదరాబాద్‌లో సిద్ధంగా ఉంది. ఊరివాళ్లకు దొరికితే మాత్రం ఒంట్లో ఎముక మిగలదు.

రెండు రోజులు బుద్ధిగా టూరిస్టులా తిరిగాడు. జింకల్ని చూశాడు, జలపాతం కింద తడిశాడు, కొండెక్కి కెమెరాలో రీలంతా ఖాళీ చేశాడు. మూడోనాడు పొద్దున్నే, చలిలో, ముసలి పడవవాడు బొజ్జయ్యతో అవతలి గట్టుకు చేరాడు.

"పెద్దాయనా, అడవి ఉసిరికాయలు దొరుకుతాయా?"

"ఎందుకు దొరకవు సారూ! కాకుంటే చెట్లు గుట్టమీదున్నయ్. నాకా మోకాళ్ల నొప్పులు, జర ఆలస్యమైతది. మీరు నీడకు కూసోండ్రి."

గంటన్నర తర్వాత వచ్చాడు బొజ్జయ్య, నాలుగంటే నాలుగు కాయలతో. అప్పటికే అమ్మవారు తువ్వాలు చుట్టుకుని రవీందర్ బ్యాగులో పడుకుంది. అదృష్టం, ముసలాయన చెట్టు వైపు చూడనైనా లేదు.

"బ్యాగు బరువైనట్టుంది సారూ, పడవ ఒక దిక్కు ఒంగుతాంది."

"రాళ్లు... గుర్తుగా ఏరుకున్నా."

"ఏరుకోండ్రి, ఏరుకోండ్రి. మా తాన రాళ్లకేం తక్కువ!"

ఉత్త అమాయకుడు, అనుకున్నాడు రవీందర్. ఇవతలి గట్టు దిగాక, చెక్‌పోస్టు దాకా తోడొస్తానని ఆ అమాయకుడు ఆటో కూడా ఎక్కాడు.

చెక్‌పోస్టులో ఫారెస్టు గార్డు రామ్‌సింగ్ ఆటో ఆపాడు. టేకు దొంగతనాలు ఎక్కువై, ప్రతి బ్యాగూ విప్పి చూస్తున్నాడు. జిప్పు మీద చెయ్యి వేశాడు.

ఆ చలిలోనూ రవీందర్‌కీ, బొజ్జయ్యకీ ఇద్దరికీ చెమట పట్టింది.

"మా సారే రామ్‌సింగూ!" బొజ్జయ్య అడ్డం దూరాడు. "అన్నీ రాళ్లే, నేనే ఏరిచ్చిన. బస్సు పోతది, జల్దీ ఇడిసిపెట్టు."

గేటు లేచింది. బొజ్జయ్య దిగిపోయాడు. ఆటో మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే భార్య రామక్క గడపలోనే నిలేసింది. "ఏమాయెనయ్యా? పోయిందా?"

"పోయిందే!" అరుగు మీద కూలబడి నవ్వాడు బొజ్జయ్య. "ఊళ్లె మేకల రోగమంతా ఎక్కియ్యనీకి పోయిన నెల నేనే చెక్కి పొగబెట్టిన బొమ్మాయె. పొలిమేర దాటిస్తెనే రోగం పోతది, కానీ మోసినోని కొంపకే అది వస్తదని ఒక్కడన్న ముట్టిండా? పాపం, మనం అడగకముందే సారు మోసుకపోయిండు!"