అలిగిన పుస్తకాలు

కొత్త లైబ్రేరియన్లకు స్ఫూర్తిగా ఉంటుందని పైవాళ్లు అంటే, ఊరి లైబ్రరీ నడిపే కుర్రది సుభాషిణి నమ్మి, ఏడాదిపాటు రోజూ తన అనుభవాలన్నీ డైరీలో రాసి పంపింది. ఈ సోమవారం ఆమె కుర్చీలో మాట్లాడే యంత్రాన్ని కూర్చోబెట్టారు. ఆమెకు దాన్ని తుడిచే పని మిగిల్చారు.

నేత నేసే కొండయ్య పుస్తకం అడిగాడు.

"ఇది తీసుకో బాబాయ్. ఎవరూ ముట్టుకోక అలిగిన పుస్తకం," అంది యంత్రం.

సుభాషిణి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అది నా మాట బాబాయ్. నా డైరీలోది."

"ఊరుకోవే. మా కూతురి ఊరి లైబ్రరీలో యంత్రం ఆర్నెల్ల నుంచీ ఇదే మాటంటోంది. దాని మాట కాజేసి నీదంటావా?"

ఆమె మొహం తిప్పుకుని మళ్లీ తుడవసాగింది.

"అలగకు తల్లీ," అని బుజ్జగించింది యంత్రం. ఆ మాటా డైరీలోదే.