నాలుగో నంబరు ముక్క

నాలుగో నంబరు ముక్క నోట్లో పెట్టుకోగానే పెయింటరు గుండె గుభేలుమంది.

కేకు దూదిలా ఉంది. గుమ్మడికాయ తీపి నాలుక మీద కరిగిపోతుంటే, వెనకాలే నిమ్మతొక్క వాసన ఘుమ్మని ముక్కుకెక్కింది. నిమ్మ! ఆ బిల్డింగు మొత్తం మీద నిమ్మచెట్టు ఉన్నది కింద వాటా టైలరు తొట్టిలోనే.

"అయిపోయాను," అనుకున్నాడు పెయింటరు. "నా మూల పోయింది."

మూల అంటే మేడ మీద పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ తగిలే మూల. ఇప్పుడు అక్కడ పెయింటరు తొట్లున్నాయి. టైలరు అక్కడ చోటడిగితే, పెయింటరు మీసం దువ్వి మరీ పందెం కాశాడు. మేడ మీద కాసిన కాయతో ఐదు వాటాల వాళ్లూ తలో కేకు చెయ్యాలి, గెలిచినవాళ్లకి ఏడాది పాటు ఆ మూల. అక్కడితో ఊరుకోకుండా, తన గుమ్మడి విత్తనాలు దానకర్ణుడిలా ఐదు వాటాలకీ పంచాడు. ఫలితం, ఇప్పుడు బల్ల మీద ఐదు పళ్లాల్లో ఐదూ గుమ్మడికాయ కేకులే. ఏ నంబరు ఎవరిదో పక్క బిల్డింగు టీచరమ్మకి ఒక్కదానికే తెలుసు. ఆవిడ లెక్కలు చెప్పే మనిషి, పోటీలో లేదు కాబట్టి మార్కులు చూస్తోంది. అందరూ అన్నీ రుచి చూసి, వాటాకొకటి చొప్పున పేరు రాయని చీటీ మీద పదికి ఇన్ని అని వెయ్యాలి.

భార్య పక్కకొచ్చి మోచేత్తో పొడిచింది. "ఏమండీ, నాలుగోది ఎలా ఉంది?"

"గడ్డిలా ఉంది."

ఆవిడ మొహం మాడిపోయింది. "గడ్డా? అదేంటండీ, నేను..."

"నువ్వూరుకో. నీకు తెలీదు."

ఎదురుగా టైలరు నాలుగో ముక్క నముల్తూ కళ్లు మూసుకున్నాడు. తన కేకుకి తనే మురిసిపోతున్నాడు, సిగ్గులేని మనిషి! పెయింటరు ఇక ఆగలేదు. రెండో నంబరు సాదాగా, కాస్త చప్పగా, అచ్చం తను చేసినట్టే ఉంది. దానికి పది వేశాడు. నాలుగో నంబరుకి ఎదురుగా సున్నా చుట్టాడు. ముప్పై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అది, సున్నా ఒక్క ఊపులో తిరిగొచ్చింది. ఎవరైనా పట్టేస్తారేమోనని ఒక్క క్షణం భయం వేసింది గానీ, సున్నాకి చేతిరాత ఏముంటుందిలే అని చీటీ మడిచి డబ్బాలో వేసేశాడు. చిన్నప్పుడు పక్కవాడి కాపీలో చూసి రాసి దొరికిపోయిన తెలివే ఇప్పుడూ పనిచేస్తోందని ఆయనకి తట్టలేదు.

టీచరమ్మ చీటీలు విప్పి కూడింది. మళ్లీ కూడింది. కళ్లజోడు సర్దుకుంది.

"నాలుగో నంబరుకి నలుగురు తొమ్మిదీ పదీ వేశారు. ఒక్కరు మాత్రం సున్నా వేశారు. ఎవరండీ ఆ మహానుభావులు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. పెయింటరు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు.

టైలరు లేచాడు. "టీచరమ్మా, ఇది అన్యాయం. నా మటుకు నేను పది వేశాను. అంత మంచి కేకు నా జన్మలో తినలేదు. ఆ సున్నా ఎవరో పొరపాటున వేసుంటారు. ఆ చీటీ మొత్తం తీసేసి చూడండి."

"అదెలా కుదురుతుంది?" పెయింటరు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "వేసిన మార్కు వేసినట్టే ఉండాలి! నచ్చనప్పుడల్లా తీసేస్తే దాన్ని పోటీ అంటారా? రూలంటే రూలే!"

"ఏమండీ, కూర్చోండి," అని భార్య చొక్కా లాగింది.

"నువ్వాగవే! ధర్మం మాట్లాడుతున్నాను."

"అన్నయ్యా, ఇంకోసారి ఆలోచించు," అన్నాడు టైలరు.

"ఆలోచించేదేం లేదు. సున్నా ఉండాల్సిందే!"

"సరే, మీ ఇష్టం," అంది టీచరమ్మ. "అయితే ఒక్క మార్కు తేడాతో రెండో నంబరు గెలిచింది. టైలరు గారిది. మూల ఆయనదే."

పెయింటరు చప్పట్లు కొట్టబోయి, రెండు చేతులూ గాల్లోనే ఆపేశాడు.

"రెండో నంబరు... టైలరుదా? మరి నాలుగు?"

"మీదేనండీ."

"నాదెలా అవుతుంది? నేను నిమ్మకాయ వెయ్యలేదే!"

భార్య తలొంచుకుని గొణిగింది. "మీరు కలిపిన పిండి చప్పగా ఉంటే, మీరు అటు వెళ్లినప్పుడు నేనే తురిమి వేశాను. టైలరు గారి ఆవిడ చెట్టుకున్న ఒక్క కాయా కోసిచ్చింది, పాపం. చెబుదామంటే మీరు నోరు తెరవనిస్తేగా!"

పెయింటరు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. అది ఇందాకే పడిపోయింది. నేల మీద కూర్చోవడం ఒక్కటే తక్కువన్నట్టు, గోడకి జారబడ్డాడు.

టైలరు బల్ల దగ్గరికెళ్లి, ఆ చీటీ తీసి దీపం కేసి పట్టుకుని చూశాడు. తర్వాత గోడ మీద పెయింటరు రాసిన బిల్డింగు బోర్డు కేసి చూశాడు.

"ఎవరేశారో గానీ అన్నయ్యా," అన్నాడు, "సున్నా మాత్రం భలే గుండ్రంగా చుట్టారు."