పొలం నాలుగు మూలలు

"ఎవరిదైనా కానీండి టీచర్, ఇవి దొంగ నీళ్ళే," అన్నాడు కోల్ట్.

క్లాసంతా నవ్వింది. లేనా మాత్రం తల దించుకుంది.

తెర మీద ఉపగ్రహం తీసిన ఫొటో. కరువని నీటి బోర్డు బోర్లన్నీ ఆపించిన ఆగస్టు నెల. నెబ్రాస్కా పొలాలన్నీ ఎండి గోధుమరంగులో ఉంటే, ఒక్కటి మాత్రం పచ్చగా నవనవలాడుతోంది.

హ్రూబీ టీచర్ పేర్లు చెరిపేసే ఇచ్చారు. పేరుతో పనేముంది, పక్కనే వాగు వంపు కనబడుతుంటే? అది లేనా వాళ్ళ పొలం.

దొంగచాటుగా బోరు నడిపాడని ఫిర్యాదు వచ్చినప్పుడు, వాన పడిందని నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఊళ్ళో వానకొలత సున్నా చూపిస్తుంటే ఎవరు నమ్ముతారు? రేపే బోర్డు తీర్పు. నేరం రుజువైతే వచ్చే ఏడాదంతా బోరుకు తాళం. ఆపైన సేద్యం మాట మరిచిపోవాల్సిందే.

"ఫిర్యాదు నిజమా కాదా మీరే తేల్చండి. మీరు రాసింది బోర్డు కూడా చూస్తుంది," అని టీచర్ ముందే చెప్పారు. ఆవిడ పాఠాలన్నీ ఇంతే. పుస్తకం మూసి, ఊళ్ళో తగాదా తెరుస్తారు.

వెనక బెంచీలో ఒక ముసలాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాగుకు అవతలి జిల్లా రైతట. పాఠం చూస్తానంటే రమ్మన్నానని టీచర్ చెప్పారు. బోర్డు పంపిన మనిషేమోనని లేనా భయం.

"లెక్క కూడా కట్టాం. చుట్టుపక్కల వాటికంటే పచ్చదనం రెట్టింపు. ఇంకా తేల్చడానికేముంది?" అన్నాడు కోల్ట్.

"బాబూ, ఫొటోలో ఆ పొలాన్ని గుండ్రంగా ఎందుకు కత్తిరించారు?" ముసలాయన మొదటిసారి నోరు విప్పాడు.

కోల్ట్ ఆయన్ని వింతగా చూశాడు. "పొలమంటే గుండ్రమే కదా తాతా. నడిమధ్య నుంచి నీటి గొట్టం తిరిగేది గుండ్రంగానే."

నిజమే మరి. ఆ సీమలో ఎవర్ని పొలం గీయమన్నా సున్నా చుడతారు. గొట్టం అందని నాలుగు మూలలూ ఎవరి లెక్కలోకీ రావు.

"గొట్టం సంగతి సరే. వాన కూడా గుండ్రంగానే పడుతుందా?"

కోల్ట్ మళ్ళీ తెర వైపు తిరిగాడు.

లేనాయే లేచి వెళ్ళింది. ఏం బయటపడుతుందో ఆమెకూ తెలియదు. కంప్యూటర్లో ఆ కత్తిరింపు తీసేసింది.

నాలుగు మూలలూ పచ్చగా ఉన్నాయి.

"మిగతా పొలాల మూలలు చూడు," అన్నారు టీచర్. అన్నీ ఎండిపోయి ఉన్నాయి.

"అయితే పైనుంచి పడ్డ నీళ్ళే," అని గొణిగాడు కోల్ట్.

వాతావరణ రాడార్ లెక్కలు తీశారు. ఫొటోకి ముందు వారం ఒక మబ్బు ఊరిని తప్పించుకుని, వాగు వంపు దగ్గర ఇవతలి ఒడ్డునే కురిసిపోయింది.

"ఏం తాతా, ఆ పొలం నీదేనా? భలే గట్టెక్కావు," అన్నాడు కోల్ట్.

"నాదా? నా పొలంలో చుక్క పడలేదు బాబూ," అంటూ ఆయన టోపీ పెట్టుకుని లేచాడు.

లేనాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తేరుకుని బయటికి పరిగెత్తేసరికి ఆయన ట్రక్కు ఎక్కేశాడు.

గేటు దగ్గర నాన్న తన ట్రక్కులో ఎదురుచూస్తున్నాడు. ఎక్కీ ఎక్కగానే లేనా జరిగిందంతా చెప్పేసింది.

"బతికాం తల్లీ," అని నాన్న స్టీరింగు మీద తల ఆన్చాడు. చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

ఇంటిదారి పట్టారో లేదో, ఊళ్ళో ఏదో పని చూసుకుని తిరిగొస్తున్నట్టుంది, ముసలాయన ట్రక్కు ఎదురొచ్చింది. ఆ దారుల్లో ఎదురుపడ్డవాళ్ళు స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించుకుంటారు. ఆయన ఎత్తాడు.

ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా వేలెత్తే నాన్న, చెయ్యి కదపలేదు.

"అదేంటి నాన్నా? మూలలు చూడమన్నది ఆయనే."

నాన్న చటుక్కున అద్దంలోకి చూశాడు. ట్రక్కు అప్పటికే మలుపు తిరిగిపోయింది. అయినా వేలెత్తాడు.

"ఎవరు నాన్నా ఆయన?"

నాన్న ట్రక్కు వేగం తగ్గించాడు.

"మన పంపు వల్లే తన బోరు ఎండిపోయిందని బోర్డులో మన మీద ఫిర్యాదు పెట్టినాయన తల్లీ."