గనికొండ నీళ్లు

నేను సన్నబడాలని కడుపు మాడ్చుకుంటున్నానని ఇంట్లో అందరి నమ్మకం. బచేలిలో డిగ్రీ చదివాక పట్టిన పిచ్చట!

నా అనుమానమంతా అమ్మ కడవ మీద. ఇనుప ఖనిజం తవ్వే గనికొండ నుంచి వచ్చే ఎర్రవాగు నీళ్లు వడగట్టి, ఏడో నెల నడుస్తున్న వదినకు రోజూ గ్లాసెడు తాగిస్తోంది.

"ఇవెందుకమ్మా?" అని అడిగాను.

"రక్తం తక్కువుంది, ఇనుము కావాలన్నది డాక్టరమ్మ. ఇనుమంతా ఈ నీళ్లలనే ఉన్నది కదనే!"

"మరి ఆమె ఇచ్చిన గోలీలు?"

"వేడి చేస్తయని పారేసిన. మీ వదిన తిండి గూడ తగ్గించిన. బిడ్డ పెద్దగైతే కాన్పు కష్టం. నువ్వు ముందు గుడ్డు తిను, చీపురుపుల్ల లెక్క అయితున్నవ్."

అమ్మ అటు తిరగగానే నా గుడ్డు వదిన కొంగు చాటుకు చేరింది. నెలరోజులుగా నా పళ్లెంలో సగం ఆమే తింటోంది.

రేపు పొద్దుటి బస్సుకు వదినను బచేలి ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. తిరిగొచ్చాక, కాన్పయ్యేదాకా ఆమె వంట నేనే చేస్తాను.