ఎలుగు తాత తేనె కొట్టుకు మూడో భాగస్వామి

అడవిలో ఎలుగుబంటి తాతకు ఒక తేనె కొట్టు ఉండేది. మోకాళ్ళ నొప్పులతో ఇక చెట్లెక్కలేనని, వానల్లోపు ఎవరూ తీసుకోకపోతే మూసేస్తానని అన్నాడు. మూసేస్తే దగ్గొచ్చిన పిల్లలకు తేనె ఎక్కడ దొరుకుతుంది? అందుకే నేనూ, కాకి బావా ఆ కొట్టు తీసుకుందామనుకున్నాం. నేను నక్కని.

నెల రోజులు చర్చించాం. కొట్టుకు కొత్త పేరు నేను పెట్టాను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బావ తేల్చాడు.

"అంతా బాగానే ఉంది గానీ, తేనెపట్టు ఎవరు కోస్తారర్రా?" అన్నాడు తాత.

నాకు చెట్లెక్కడం రాదు, బావకు పట్టు కోసే చేతుల్లేవు. మాకు మూడో భాగస్వామి కావాలని అప్పుడు తెలిసింది.

మర్నాడు కొండముచ్చు పిన్నిని పిలిపించాం. నేను ఎత్తైన బండ మీద కూర్చుని, గొంతు సవరించుకుని, మా ప్రణాళిక వివరించాను. చాలాసేపే వివరించాను. బావ మధ్యలో నిద్రపోయాడు.

"పట్టు నేనే కోయాలి, తేనె నేనే పిండాలి. మరి మీరేం చేస్తారు నాయనా?" అంది పిన్ని.

"ఆలోచిస్తాం," అన్నాను.

పిన్ని నవ్వలేదు. నేరుగా వెళ్ళి తాతతో మాట్లాడుకుంది. సాయంత్రానికి కొట్టు ఆమెదైంది. జాలిపడి మమ్మల్నీ పనిలో పెట్టుకుంది. బావ కొమ్మెక్కి కొనేవాళ్ళను పిలుస్తాడు, నేను తేనె దొన్నెలు అందిస్తాను.

ఎవరడిగినా, పిన్నిని మేమే మా వ్యాపారంలో చేర్చుకున్నామని చెబుతాను. ఆమె దగ్గర్లో ఉంటే మాత్రం కాస్త గొంతు తగ్గించి చెబుతాను.