పెట్టెలో హోరు

ఇంక్యుబేటరు గుండ్రటి కిటికీకి నోరు ఆనించి చెల్లెలు కూతుర్ని పిలుస్తోంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. అరచేతి కన్నా కాస్త పెద్దది. దాన్ని వెచ్చగా ఉంచడానికి పెట్టె అడుగున ఒక ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, హోరుమని.

మెల్లగా పిలిస్తే ఆ హోరులో వినపడదు. గట్టిగా పిలిస్తే పిల్ల ఉలిక్కిపడి చేతులు విదిలిస్తుంది.

"నర్సమ్మేమో గట్టిగా పిలవమంటుంది. డాక్టరమ్మేమో అరవొద్దంటుంది. నేనేం చేసేదక్కా?" చెల్లెలి గొంతు బొంగురుపోయింది.

అక్క సిగ్గుతో తల వంచుకుంది. ఆ ఫ్యాను వాళ్ళ కంపెనీదే. చప్పుళ్ళు తగ్గించడమే ఆమె ఉద్యోగం.

ఇన్నాళ్ళూ ఆఫీసుల ఏసీలకే ఆ వైద్యం చేసింది. పసివాళ్ళు ఫిర్యాదు చేయరు కదా, దీని జోలికి ఎవరూ పోలేదు.

"ఇది నాకొదిలెయ్" అంది.

ఇంట్లో ఆమె ముద్దుపేరు మొండిఘటం.

*

కంపెనీలో గోడలకూ కప్పుకూ నురుగు దిమ్మలు అతికించిన గది. అందులో చప్పట్లు కొట్టినా చప్పుడు తిరిగిరాదు. మధ్యలో ఒక మైకు, దాని ముందు ఫ్యాను.

"ఈలలా మోగితే చిటికెలో పని అయిపోయేది సార్" అంది తన పైఅధికారి పెద్దాయనతో. "ఒక్క స్వరమే కాబట్టి దొరకబుచ్చుకుని నోరు మూయించొచ్చు. హోరంటే అన్ని స్వరాలూ ఒక్కసారే. సంతలో ఎంతమంది నోళ్ళు మూస్తాం?"

"మరి?"

"సంతే జరక్కుండా చూడాలి."

గాలి రెక్కను వదిలిపోయే అంచు దగ్గరే హోరు పుడుతుంది. ఆ అంచును రంపం పళ్ళలా కత్తిరించింది. పాత ఫ్యానూ కొత్త ఫ్యానూ ఒకే వేగంతో తిప్పి మైకుతో హోరు కొలిచింది.

తెర మీద గీత కిందికి జారింది.

పెద్దాయన బల్ల మీద దెబ్బ వేశాడు. "శభాష్ అమ్మాయ్! మందు కనిపెట్టేశావ్!"

ఆమె బయటికి పరుగెత్తి చెల్లెలికి ఫోన్ చేసింది. "వచ్చే వారం పెట్టేస్తాం. గొంతు కాస్త దాచుకో."

*

మర్నాడు కొత్త ఫ్యానును ఒక ఖాళీ పెట్టెలో బిగించింది.

గాలి వచ్చే సందు దగ్గర, దాని జోరు తెలియడానికి ఒక ఉన్నిదారం కట్టి ఉంటుంది. పాత ఫ్యానుకు అది అడ్డంగా నిలబడి రెపరెపలాడేది.

ఇప్పుడు వాలిపోయి ఉంది.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

ఒకే వేగంతో తిప్పింది గానీ, రెండూ ఒకే గాలి విసురుతున్నాయా అని చూడలేదు. పళ్ళు కోసిన రెక్క తక్కువ గాలి విసిరింది. సగం పని ఎగ్గొట్టినవాడికి చెమట పట్టకపోవడం కూడా ఒక గొప్పేనా?

పాత ఫ్యానంత గాలీ విసిరేదాకా వేగం పెంచింది. హోరు దాదాపు మొత్తం తిరిగి వచ్చి కూర్చుంది.

"పోనీలే, కాస్త గాలి తగ్గితే ఏమవుతుంది?" అన్నాడు పెద్దాయన. "అందరికీ చెప్పేశాం కూడా."

"ఒక మూల వేడిగా, ఒక మూల చల్లగా ఉంటుంది సార్. ఆ చల్లటి మూలలో ఎవరి కాళ్ళుంటాయి?"

పెద్దాయన దారం వైపు చూశాడు. తర్వాత కుర్చీ జరిపి, ఆమె పక్కనే కూర్చున్నాడు.

*

"వచ్చే వారం అన్నావు కదక్కా?"

"తప్పు చేశానే. మళ్ళీ చేస్తున్నా."

చెల్లెలికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఈలోపు అది ఇంటికొచ్చేస్తే?"

"నీ నోట్లో చక్కెర పొయ్య! రావాలనే కదా అందరం చూస్తోంది."

"మరి నీ ఫ్యానో?"

"దాని తర్వాత ఆ పెట్టెలో పడుకునేవాళ్ళకి."

చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

ఆమె మళ్ళీ నురుగు గదిలోకి వెళ్ళింది. రెక్క వెడల్పు చేసింది. గాలి పెరిగింది, హోరూ పెరిగింది. వంపు మార్చింది. మోటారు వేడెక్కింది. పళ్ళు చిన్నవి చేసింది, పెద్దవి చేసింది, రెక్క మొదలు దగ్గర తీసేసి కొస వైపే ఉంచింది.

ప్రతిసారీ ముందు దారం నిలబడే వేగం పట్టుకుంది. ఆ తర్వాతే మైకు పెట్టింది.

"ఇంకెన్ని రెక్కలు కోస్తావమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"సరైనది దొరికేదాకా సార్."

ఒక మధ్యాహ్నం దారం అడ్డంగా నిలబడి రెపరెపలాడింది. తెర మీద గీత కిందికి జారింది.

ఈసారి ఎవరూ బల్ల మీద కొట్టలేదు. పాత ఫ్యాను పెట్టి, కొత్త ఫ్యాను పెట్టి, మళ్ళీ పాతది పెట్టి చూశారు. ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు.

*

ఆసుపత్రిలో డాక్టరమ్మ కొత్త ఫ్యాను బిగించిన ఖాళీ పెట్టెలో అన్ని మూలలా వేడి చూసింది. రోజుల తరబడి చూసింది. ఆ తర్వాతే సరేనంది.

పిల్ల ఇంకా అక్కడే ఉంది. బుగ్గలు వచ్చాయి. నర్సమ్మ దాన్ని ఎత్తి కొత్త ఫ్యాను ఉన్న పెట్టెలో పడుకోబెట్టింది.

"పిలువు" అంది అక్క.

చెల్లెలు కిటికీకి నోరు ఆనించింది. అలవాటుగా గుండెల నిండా గాలి పీల్చుకుని, గొంతు పెంచబోయింది.

ఆగింది.

పక్కనే ఉన్న అక్కకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా, "బంగారూ" అంది.

పిల్ల ఉలిక్కిపడలేదు. తల కాస్త అటు తిప్పింది.

చెల్లెలు ఇంకేదో చెబుతూనే ఉంది. అక్క కళ్ళు తుడుచుకుంది.

పక్క పెట్టె దగ్గర ఇంకో తల్లి తన బిడ్డను గట్టిగా పిలుస్తోంది.

మొండిఘటం స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని, ఆ పెట్టె అడుగున ఏ ఫ్యాను ఉందో చూడ్డానికి వంగింది.