రాజారాం కాళ్ల కింది భూమి

రాజారాం పడటం ఇది మూడోసారి. ఈసారి నడుస్తున్న మరమగ్గం మీదికే ఒరిగాడు. పక్క మగ్గం అతను చొక్కా పట్టి లాగకపోతే చెయ్యి పోయేదే.

షోలాపూర్ కుంఠా నాకా వాడకట్టులో ఇలాంటి కబురు ఆగుతుందా? మనిషి ఇల్లు చేరకముందే భార్య చంద్రభాగకు చేరింది. బీడీల చేట పక్కకు నెట్టి ఏడుపు లంకించుకుంది. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఆమెకు ఉన్నదల్లా ఆ ఒక్క మనిషే. దవాఖానకు పోదామంటే వినడు. భూమి తిరిగినట్టుంటుంది, అంతే కదా అంటాడు.

మర్నాడు సాయంత్రం ఒకాయనను వెంటబెట్టుకొచ్చాడు. పేరు ఆంజనేయులు సారు, ఏదో బడిలో భూగోళం చెప్తారట. నీ భయం ఈయన తీరుస్తాడు, కూర్చొని విను అన్నాడు రాజారాం.

సారు గూట్లో ఉన్న నూలు కండె తీసుకొని వేళ్ల మధ్య తిప్పి చూపించాడు. భూమీ ఇలాగే తిరుగుతుందట, పడమర నుంచి తూర్పుకు. రోజుకొక చుట్టు. షోలాపూర్ దగ్గరైతే గంటకు దాదాపు పదహారు వందల కిలోమీటర్ల వేగమట.

చంద్రభాగ నోరు తెరిచింది. హైదరాబాదు పోయే బొగ్గు రైలు దీని ముందు నత్తే మరి.

"అంత జోరుగ తిరిగితే నాకెందుకు తెలుస్తలేదు సారూ?"

మనమూ దాంతోపాటే ఒకే తీరుగా పోతున్నాం కాబట్టి తెలియదన్నాడు. రాజారాం వైపు చూశాడు. ముప్పై ఏళ్లు మగ్గం అదురులో నిలబడ్డ కాళ్లకు మాత్రం తెలుస్తుందమ్మా అన్నాడు.

రుజువు కూడా చూపించాడు. రాజారాంను కాళ్లు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. మనిషి ఊగి ఒక పక్కకు ఒరిగాడు. గచ్చు మీద గీత గీసి దాని మీదే నడవమన్నాడు. అడుగులు మళ్లీ అటే పోయాయి. తన వేలు అటూ ఇటూ కదుపుతూ దాన్నే చూడమన్నాడు.

"చూసినవా, తూర్పుకే ఒరిగిన" అని రాజారాం పగలబడి నవ్వాడు. సారు నవ్వలేదు. చదువుకున్నవాళ్లు అంతే, ఊరికే నవ్వరు అనుకుంది చంద్రభాగ.

ఆమె గుండెల మీది బరువు దిగిపోయింది. ఎంత ఏడ్చింది పిచ్చిది, ఎన్ని మొక్కులు మొక్కింది! జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఆ సంతోషంలో చాయ్‌లో చక్కెర రెండింతలు వేసింది.

వాళ్లు బయటికి వెళ్లాక నాలుక కరుచుకుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషికి టవలూ టోపీ పెట్టి పంపడం షోలాపూర్ మర్యాద. పెట్టెలోంచి కొత్తవి తీసి వెనకాలే పరుగెత్తింది.

సందు మలుపులో ఇద్దరూ అటు తిరిగి నిలబడ్డారు. రాజారాం సారు చెవి దగ్గరికి వంగి రహస్యం చెబుతున్నాడు. మరమగ్గాల మోతలో బతికినవాడికి గుసగుస చేతనవుతుందా? సందంతా వినబడింది.

"మా ఆమె నమ్మింది డాక్టర్ సాబ్, ఇగ నాకు మాత్రం ఉన్నదున్నట్టు ఖరా చెప్పుండ్రి, ఇంకెన్ని దినాలున్నయ్?"